విశాఖపట్నం ఓడ ముంబైలో, ముంబై ఓడ విశాఖలో: ఊళ్ల పేర్లు మోసే యుద్ధనౌకలు

పట్టుకొట్టు (బరంపురం):

మా కొట్టులో ఇద్దరు కుర్రవాళ్ల మధ్య పందెం పడింది. ఐఎన్‌ఎస్ విశాఖపట్నం అనే యుద్ధనౌక ఎక్కడ ఉంటుందని. "పేరే విశాఖపట్నం, ఇంకెక్కడ ఉంటుంది?" అని ఒకడు. టీవీలో దాన్ని ముంబైలో చూశానని రెండోవాడు. నాకు పట్టుచీరల సంగతి తెలుసుగానీ ఓడల సంగతి తెలియదు. తెలిసినవారు తేల్చండి, లేకపోతే ఇద్దరూ బేరాలు వదిలేసి ఇదే గొడవ.

పనిలో పని, నాదీ ఒక సందేహం. ఢిల్లీ, మైసూరు, కొచ్చి, చెన్నై, కోల్‌కతా, సూరత్, చివరికి సముద్రమే లేని ఇంఫాల్ పేరుతో కూడా ఓడలున్నాయి. ఇచ్ఛాపురం దాటి ఇటు ఒడిశాలోకి వస్తే మన గంజాం తీరంలో ఒక్క ఊరి పేరైనా ఏ ఓడకైనా పెట్టారా? గోపాలపురం ఒకప్పుడు రంగూనుకు జనాన్ని ఎక్కించిన రేవు కదా.

పాతనావికుడు (గుణుపురం):

పందెం రెండోవాడిదే. విశాఖపట్నం ముంబైలోని మజగావ్ డాక్‌లో తయారైంది. 2015 ఏప్రిల్‌లో నీటిలోకి దిగింది, 2021 నవంబరు 21న ముంబైలోనే నౌకాదళంలో చేరింది. ఆ తర్వాత పని కూడా ఎక్కువగా పడమటి సముద్రంలోనే. 2024 జనవరి 26 రాత్రి ఏడెన్ సింధుశాఖలో 'మార్లిన్ లువాండా' అనే చమురు ఓడ మీద క్షిపణి పడి మంటలు లేస్తే సాయానికి పరుగెత్తింది ఇదే. మంటలార్పడంలో శిక్షణ పొందిన పదిమంది మనవాళ్లు ఆ ఓడ ఎక్కి, దాని సిబ్బందితో కలిసి మంటలను అదుపులోకి తెచ్చారు. ఆ ఓడలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశ్ పౌరుడు ఉన్నారు.

తమాషా ఏమిటంటే ఐఎన్‌ఎస్ ముంబై మరమ్మతులు ముగించుకుని 2023 డిసెంబరులో తూర్పు నౌకాదళానికి, అంటే విశాఖకు వచ్చి చేరింది. విశాఖపట్నం అక్కడ, ముంబై ఇక్కడ. ఢిల్లీ కూడా తూర్పు తీరంలోనే పనిచేస్తోంది. పేరు ఓడకు చిరునామా కాదండీ. ఎక్కడ అవసరమైతే అక్కడికి పంపుతారు. అయినా విశాఖపట్నం తన పేరున్న ఊరికి అసలు రాలేదనుకోకండి, 2022 ఫిబ్రవరిలో రాష్ట్రపతి నౌకాదళ సమీక్షకు వచ్చింది.

గడసరి (కొరాపుట్):

అంటే విశాఖవాళ్లు తమ ఓడను చూసుకోవాలంటే ముంబై రైలెక్కాలి. బాగుంది.

పర్లాకిమిడి మాస్టారు:

పట్టుకొట్టు గారి జాబితాలో చాలా పేర్లు కొత్తవి కావు. ఢిల్లీనే తీసుకోండి. ఇప్పుడు తిరుగుతున్న ఢిల్లీ 1997 నవంబరులో చేరింది. దానికి ముందు ఇంకో ఢిల్లీ ఉండేది. ఆ ఓడ కథ చెబితే మీ కుర్రవాళ్లు పందేలు మరిచిపోతారు.

అది మొదట ఢిల్లీ కాదు, బ్రిటిష్ వారి 'అకిలీస్'. 1932లో ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో జలప్రవేశం చేసిన క్రూయిజర్, అంటే పెద్ద తుపాకులున్న యుద్ధనౌక. ఆరంగుళాల గొట్టాల తుపాకులు ఎనిమిది. రెండవ ప్రపంచయుద్ధం మొదలైన మూడు నెలలకు, 1939 డిసెంబరు 13న, దక్షిణ అమెరికాలోని ప్లేట్ నది ముఖద్వారం దగ్గర జర్మన్ల 'గ్రాఫ్ స్పే' ఎదురుపడింది. దాని తుపాకులు పదకొండంగుళాలవి. అకిలీస్‌కు తోడు 'అజాక్స్', 'ఎక్సెటర్'. ఎక్సెటర్ కూడా ఒక ఊరి పేరే. ఎక్సెటర్ చావుదెబ్బలు తిని తప్పుకుంది, మిగిలిన రెండూ వదలకుండా వెంటాడాయి. గ్రాఫ్ స్పే మాంటెవిడియో రేవులో దూరింది. బయట పెద్ద దళమే కాచుకుని ఉందని నమ్మిన దాని కెప్టెన్ నాలుగు రోజులకు తన ఓడను తానే పేల్చి ముంచేశాడు.

ఆ అకిలీస్‌ను 1948 జులైలో మనం కొన్నాం. అదే ఢిల్లీ అయింది. స్వతంత్ర భారతానికి మొదటి పెద్ద యుద్ధనౌక. దాని మీద ఉపనాయకుడి హోదాలో వచ్చినవారు రామదాస్ కటారి. పదేళ్లకు, 1958లో, మన నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. పదవీ విరమణ తర్వాత ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి అధ్యక్షులుగా పనిచేశారు. ఎర్రబస్సు ఎక్కినవారిలో ఆ సంగతి ఎంతమందికి తెలుసో! 1950లో నెహ్రూ ఇండోనేషియాకు సముద్రమార్గాన వెళ్లింది ఈ ఢిల్లీ మీదే. 1956లో ప్లేట్ నది యుద్ధం మీద బ్రిటిష్ వారు సినిమా తీస్తే ఆ ఓడ తన పాత వేషం తానే కట్టింది. 1961లో పోర్చుగీసువారి డియ్యూ కోట మీద గుండ్లు కురిపించింది. 1978 జూన్‌లో విశ్రాంతి. దాని తుపాకీ గోపురం ఒకటి ఇప్పటికీ న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో, నౌకాస్థావరం ముందు నిలబెట్టి ఉంది. యుద్ధకాలంలో అకిలీస్ మీద పనిచేసినవారిలో చాలామంది న్యూజిలాండ్ వారు కాబట్టి.

గడసరి (కొరాపుట్):

మాస్టారూ, ఇదంతా విన్నాక నాకు కలిగిన సందేహం ఇది. ఎవరో వాడిన పాత ఓడను కొని దాని నుదుటిన ఢిల్లీ అని రాసుకుంటే అది ఢిల్లీ ఘనత ఎలా అవుతుంది? ప్లేట్ నదిలో పోరాడింది బ్రిటిష్ ఓడ. మనం గర్వపడటం దేనికి?

పర్లాకిమిడి మాస్టారు:

ప్లేట్ నది యుద్ధం మన ఘనత అని నేను అనలేదు. డియ్యూ మాత్రం మనదే. 1948లో మనకు క్రూయిజర్ కట్టే సత్తా లేదు. విశాఖలో సింధియావారి ఓడల కర్మాగారంలో 'జల ఉష' అనే సరుకు ఓడ ఆ ఏడాది మార్చిలోనే జలప్రవేశం చేసింది. మనం అక్కడున్నాం. అలాంటప్పుడు పాత ఓడ కొనకుండా ఏం చేయాలి? మొదటి ఢిల్లీ కొన్నది, రెండో ఢిల్లీ మజగావ్‌లో మన ఇంజనీర్లు గీసి కట్టినది. మధ్య దూరం దాదాపు యాభై ఏళ్లు. నాకు ఆ పేరులో కనిపించేది ఆ యాభై ఏళ్లే.

రాయగడ విద్యార్థిని:

మాస్టారూ, మైసూరు కూడా ఇలాగేనా? పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ఎక్కడ చూసినా తేదీల పట్టికలే ఉన్నాయిగానీ ఇలా కథగా ఎవరూ చెప్పడం లేదు.

పర్లాకిమిడి మాస్టారు:

అచ్చంగా అలాగే అమ్మా. మొదటి మైసూరు బ్రిటిష్ వారి 'నైజీరియా'. 1957 ఆగస్టులో మనదైంది, 1971 యుద్ధంలో పశ్చిమ దళానికి పతాకనౌక, అంటే దళాధిపతి ఉండే ఓడ, 1985లో విరమించింది. రెండోది మజగావ్‌లో కట్టినది, 1999 జూన్‌లో చేరింది. మైసూరు రాజచిహ్నమైన గండభేరుండం ఆ ఓడ చిహ్నంలో ఉంటుంది.

బొంబాయి, మద్రాసుల కథ వేరు. రెండవ ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియాలో మనకోసం కట్టిన చిన్న ఓడలకు ఆ పేర్లు పెట్టారు. 1942 మే 31 రాత్రి జపాన్ చిట్టి జలాంతర్గాములు సిడ్నీ రేవులోకి చొరబడినప్పుడు మన 'బొంబాయి' ఆ రేవులోనే ఉంది. ఆ తర్వాత ఆ నగరం పేరు 2001లో 'ముంబై'గా తిరిగొచ్చింది. 'చెన్నై' 2016లో. కలకత్తా పేరుతో బ్రిటిష్ క్రూయిజర్ ఒకటి 1941 జూన్‌లో క్రీట్ దీవి నుంచి సైన్యాన్ని తరలిస్తూ జర్మన్ విమానాల బాంబులకు మునిగిపోయింది. ఇప్పటి మన 'కోల్‌కతా' 2014లో చేరింది.

రాయగడ విద్యార్థిని:

మునిగిపోయిన ఓడ పేరు మళ్లీ పెట్టవచ్చా? అశుభం అనుకోరా? ఇంతకీ ఈ పేర్లు ఎవరు నిర్ణయిస్తారు?

పాతనావికుడు (గుణుపురం):

అమ్మాయ్, నౌకాదళంలో అశుభం అనే మాట ఈ విషయంలో చెల్లదు. 1971 డిసెంబరు 9న 'ఖుక్రీ' మునిగిపోయింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే వెళ్లిపోయారు. 1989లో కొత్త ఓడకు మళ్లీ ఖుక్రీ అనే పేరు పెట్టారు. తాత పోయాక పుట్టిన మనవడికి తాత పేరు పెట్టుకోమా, అలాగే. దాన్ని 2023లో వియత్నాంకు ఇచ్చేశాం.

పేర్లు నిర్ణయించడానికి నౌకాదళంలోనే ఒక నామకరణ సంఘం ఉంది. డిస్ట్రాయర్లకు, అంటే ఇప్పటి పెద్ద యుద్ధనౌకలకు, పెద్ద నగరాలు, రాజధానులు, లేదా 'రాజ్‌పుత్', 'రణజిత్' వంటి వీరుల పేర్లు. వాటికన్నా కాస్త చిన్నవైన ఫ్రిగేట్లకు నదులు, కొండలు, ఆయుధాలు. 'గోదావరి', 'గంగ', 'నీలగిరి', 'తల్వార్' అలా వచ్చినవే. ఇప్పుడున్న నగరాల ఓడలన్నీ డిస్ట్రాయర్లే. విశాఖపట్నం తరగతిలో నాలుగున్నాయి: విశాఖపట్నం, మోర్ముగావ్, ఇంఫాల్, సూరత్. దేశం నాలుగు మూలల నుంచి నాలుగు ఊళ్లు తీసుకున్నామని ప్రకటించారు. ఒక్కొక్కటి 163 మీటర్ల పొడవు, బరువు 7,400 టన్నుల పైమాటే. సూరత్ 2025 జనవరిలో చేరడంతో ఆ తరగతి పూర్తయింది.

పట్టుకొట్టు (బరంపురం):

నాలుగు మూలలు అన్నారు బాగుంది. తూర్పు మూల విశాఖ దగ్గరే ఆగిపోయిందా? పారాదీప్ కనబడలేదా?

ఛత్రపురం చుక్కాని:

ఇంఫాల్‌ను మాత్రం ఏమీ అనకండి. ఈశాన్య నగరం పేరు యుద్ధనౌకకు పెట్టడం అదే మొదటిసారి. 1944లో జపాన్ సైన్యాన్ని ఆపిన చోటు అది. దాని చిహ్నంలో అక్కడి కంగ్లా కోట, కంగ్లా షా అనే పురాణ జంతువు ఉన్నాయి. సముద్రం లేకపోతే చరిత్ర లేదా?

నాకు ఇంకో సంగతి ఆసక్తిగా ఉంటుంది. ఓడ ఊరి పేరు తీసుకుంటుంది సరే, ఊరు ఓడకు ఏమిచ్చింది? అమెరికాలోని హ్యూస్టన్ కథ చూడండి. 1942 మార్చి 1న ఇండోనేషియాలోని సుందా జలసంధిలో 'హ్యూస్టన్' క్రూయిజర్‌ను జపాన్ ముంచేసింది. ఆ వార్త తెలిశాక ఊరివాళ్లు చేసినది ఊరేగింపు కాదు. అదే ఏడాది మే 30న ఊరి నడివీధిలో వెయ్యిమంది యువకులు ఒకేసారి నౌకాదళంలో చేరుతూ ప్రమాణం చేశారు. యుద్ధ బాండ్లు కొని ఎనిమిదిన్నర కోట్ల డాలర్లు పోగుచేశారు. కొత్త హ్యూస్టన్ క్రూయిజర్‌కు అది సరిపోగా మిగిలిన సొమ్ము ఒక విమానవాహక నౌకకు వెళ్లింది.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఉక్కు ఊరు. 1930లలో కట్టిన 'షెఫీల్డ్' క్రూయిజర్‌కు మామూలుగా ఇత్తడితో చేసే సామగ్రి చాలావరకు ఊరి కర్మాగారాల తుప్పుపట్టని ఉక్కుతో చేసి ఇచ్చారు. నావికులు దాన్ని 'మెరిసే షెఫ్' అని పిలిచేవారు. ఆ పేరుతో వచ్చిన రెండో ఓడ 1982 మే 4న అర్జెంటీనాతో జరిగిన ఫాక్లండ్స్ యుద్ధంలో ఎగ్జోసెట్ క్షిపణికి దెబ్బతిని ఆరు రోజుల తర్వాత మునిగిపోయింది. ఆ తర్వాత మూడో షెఫీల్డ్ కట్టారు.

గడసరి (కొరాపుట్):

మరి బరంపురం పేరు ఓడకు పెడితే మనం అప్పడాల కట్టలు పంపుదాం.

పట్టుకొట్టు (బరంపురం):

నవ్వకండి. పట్టు జెండా నేయించి ఇస్తాను, నా ఖర్చుతో.

పర్లాకిమిడి మాస్టారు:

రెండు ఊళ్ల పేర్లు సముద్రంలో ఒకదానితో ఒకటి పోట్లాడుకున్న సందర్భం చెబుతాను. అందులో ఒక ఓడ మన బంగాళాఖాతంలోనే బీభత్సం చేసింది.

'ఎండెన్' జర్మనీలో ఒక రేవు పట్టణం. ఆ పేరుతో ఉన్న క్రూయిజర్ 1914 సెప్టెంబరులో బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని కెప్టెన్ కార్ల్ ఫన్ ముల్లర్. కలకత్తా దారిలో వచ్చేపోయే సరుకు ఓడలను వరసగా పట్టుకుని, మనుషులను దించి, ఓడలను ముంచడం అతని పద్ధతి. అంటే మన గంజాం తీరానికి ఎదురుగా ఉన్న నీళ్లలోనే ఈ వేటంతా. సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు ముందుకు వచ్చి సెర్చిలైట్లు వేసి, బర్మా ఆయిల్ వారి చమురు ట్యాంకుల మీద గుండ్లు పేల్చింది. ట్యాంకులు తగలబడ్డాయి. మర్నాటి నుంచి మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలారు. అప్పటికి బరంపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే అని గుర్తుంచుకోండి.

ఎండెన్ ఆట కట్టించింది ఇంకో ఊరి ఓడ, ఆస్ట్రేలియా వారి 'సిడ్నీ'. 1914 నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల దగ్గర. ఎండెన్ తుపాకులు నాలుగంగుళాల పైచిలుకువి, సిడ్నీవి ఆరంగుళాలవి. మొదటి గుండ్లు ఎండెన్‌వే తగిలాయిగానీ, తర్వాత సిడ్నీ దూరం పెంచి తీరిగ్గా కొట్టింది. ముల్లర్ తన ఓడను పగడపు దిబ్బ మీదికి ఎక్కించేశాడు. నూటముప్పై మందికి పైగా జర్మన్లు చనిపోయారు. బతికినవారి కుటుంబాలు తమ ఇంటిపేరు చివర 'ఎండెన్' అని చేర్చుకోవడానికి జర్మన్ ప్రభుత్వం అనుమతించింది. ఊరి పేరు ఓడకు, ఓడ పేరు మళ్లీ మనుషులకు!

రెండో 'సిడ్నీ' 1941 నవంబరు 19న 'కోర్మోరాన్' అనే మారువేషపు జర్మన్ ఓడ చేతిలో మునిగింది. 645 మంది, ఒక్కరూ బతకలేదు. శిథిలం 2008లో దొరికింది. మూడో సిడ్నీ విమానవాహక నౌక, మన మొదటి విక్రాంత్ నమూనాకు చెందినదే. ఇప్పుడు తిరుగుతున్నది ఐదోది, 2020లో చేరింది.

రాయగడ విద్యార్థిని:

మాస్టారూ, కొండల పేర్లంటే గుర్తొచ్చింది. 2025 ఆగస్టు 26న విశాఖలో 'ఉదయగిరి', 'హిమగిరి' రెండూ ఒకే రోజు చేరాయి కదా. ఉదయగిరి అంటే మన ఒడిశాదే కదా, భువనేశ్వర్ దగ్గర గుహలున్న కొండ? అయితే ఒడిశాకు ఒక ఓడ దక్కినట్టేగా.

సరిహద్దు సాక్షి (ఇచ్ఛాపురం):

కాదండీ. అది ఆంధ్రప్రదేశ్‌లోని కొండల వరస పేరని నౌకాదళమే ప్రకటించింది. నెల్లూరువైపు ఉదయగిరి.

పట్టుకొట్టు (బరంపురం):

మా కంధమాల్‌లో జి. ఉదయగిరి ఉంది, గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి ఉంది. ఎన్ని ఉదయగిరులుంటే అన్నీ ఆంధ్రవేనా?

సరిహద్దు సాక్షి (ఇచ్ఛాపురం):

ప్రకటనలో ఉన్నది చెప్పాను. మీరు అటువైపు ఉంటూ ఒడిశా పక్షం, నేను ఇటువైపు ఉంటూ ఆంధ్ర పక్షం. ఇద్దరం మాట్లాడేది తెలుగే.

గడసరి (కొరాపుట్):

రెండు రాష్ట్రాల జలవివాదం చాలదా, ఓడ వివాదం కూడా కావాలా?

నిర్వాహకులు:

రాష్ట్రాల తగవు ఇక్కడితో ఆపండి. ఓడల గురించి ఎంతైనా రాయండి.

పాతనావికుడు (గుణుపురం):

ఆ పేరు కూడా కొత్తది కాదు. 1976 నుంచి 2007 దాకా ఇంకో ఉదయగిరి పనిచేసింది. అప్పుడు ఎవరూ తగవు పడలేదు.

మన ప్రాంతం పేరు నౌకాదళంలో లేదనడం సరికాదు. కాకపోతే అది నీటి మీద కాదు, నేల మీద ఉంది. నౌకాదళంలో ఒడ్డున కట్టిన స్థావరాలకూ ఐఎన్‌ఎస్, అంటే భారత నౌకాదళ ఓడ, అనే పెడతారు. అక్కడ పనిచేసేవాడు కూడా ఓడ మీద ఉన్నట్టే లెక్క, గేటు దాటి బజారుకు వెళ్లినా 'ఒడ్డుకు వెళ్లాడు' అనే అంటారు. విశాఖలోని పాత స్థావరం పేరు ఐఎన్‌ఎస్ సర్కార్స్. ఉత్తర సర్కారుల పేరు అది. ఆ సర్కారుల్లో గంజాం కూడా భాగమే. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడినప్పుడు జిల్లా ఇటు వచ్చేసింది, పేరు మాత్రం విశాఖ గేటు మీద ఉండిపోయింది. భీమిలి దగ్గరున్న స్థావరం ఐఎన్‌ఎస్ కళింగ. ఇక మన చిలకా సరస్సు ఒడ్డున ఐఎన్‌ఎస్ చిలకా 1980లో మొదలైంది. అంతకుముందు కుర్రవాళ్లకు శిక్షణ విశాఖ సర్కార్స్‌లో ఉండేది. నేను చిలకాలో తయారైనవాడినే. ఇప్పుడు అగ్నివీరులూ అక్కడే. నౌకాదళంలో ఏ రాష్ట్రపు నావికుడిని కదిపినా చిలకా దోమల గురించి చెబుతాడు.

పర్లాకిమిడి మాస్టారు:

ఒకటి చేర్చాలి. రెండవ ప్రపంచయుద్ధంలో మన నౌకాదళానికి 'ఒరిస్సా' అనే ఓడ కూడా ఉండేది. సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడ. 'కర్ణాటిక్', 'దక్కన్', 'కుమావూన్' వంటి ప్రాంతాల పేర్లతో వచ్చిన వరసలో అదొకటి. రాష్ట్రం ఏర్పడి పదేళ్లు కూడా తిరగకముందే ఓడ మీదికి ఎక్కింది. మన గజపతి మహారాజా కృష్ణచంద్ర గజపతి ఆ కాలంలో ఒడిశా ప్రధానమంత్రిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) చేసినవారే.

పట్టుకొట్టు (బరంపురం):

మాస్టారూ, ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరూ చెప్పలేదే! కానీ రాష్ట్రం వేరు, ఊరు వేరు. గోపాలపురం లాంటి చిన్న ఊరికి అవకాశమే లేదా?

పాతనావికుడు (గుణుపురం):

మాస్టారు 'మందుపాతరలు ఏరే ఓడ' అన్నారు చూశారా, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. డిస్ట్రాయర్ మీద ఆశ పెట్టుకోవద్దు, అది పెద్ద నగరాలకే. చిన్న రేవుల పేర్లు చిన్న ఓడలకు వెళ్లాయి. యుద్ధంలో శత్రువు మొదట మూసేది రేవు నోరు. రాత్రికి రాత్రి దారిలో మైన్లు, అంటే ఆ మందుపాతరలు, వదిలితే లోపలి ఓడ బయటికి రాదు, బయటి ఓడ లోపలికి రాదు. ఆ దారిని ఊడ్చి శుభ్రం చేసేవే మైన్‌స్వీపర్లు. రేవుల పని చేసే ఓడలకు రేవుల పేర్లే పెట్టారు.

1950లలో బ్రిటన్ నుంచి కొన్నవాటిలో 'కడలూరు', 'కననూరు', 'కార్వార్', 'కాకినాడ' ఉన్నాయి. ఇంకా చిన్నవి రెండు, వాటిలో ఒకదాని పేరు వినండి: 'బిమ్లీపటం'. మన భీమునిపట్నం! ఆ తరం ఓడల పొట్ట ఇనుముతో కాదు, చెక్కతో చేసేవారు. ఇనుము దగ్గరికి వస్తే పేలే అయస్కాంత మైన్లు ఉంటాయి కాబట్టి.

రెండో కాకినాడ సోవియట్ దేశంలో తయారైంది. 1986 డిసెంబరు 23న రీగాలో మన జెండా ఎత్తారు. ముప్పై ఏళ్లు పనిచేసి 2017 మే 9న కార్వార్‌తో కలిసి ముంబైలో విరమించింది. అలాంటి ఓడ మీద నేనూ పనిచేశాను, ఏదో చెప్పను. వెనక డెక్ మీద మందమైన ఉక్కు తీగల చుట్టలు. తీగకు అక్కడక్కడా కత్తెరలు బిగించి, చివర నీటిపై తేలే బుర్ర ఒకటి కట్టి నీళ్లలోకి వదులుతారు. అది ఓడకు పక్కగా విచ్చుకుంటూ వస్తుంది. అడుగున గొలుసుతో కట్టిన మైను ఉంటే ఆ గొలుసు తీగలో పడి జారుతూ కత్తెర దగ్గరికి వచ్చి తెగుతుంది. మైను బుడుంగున పైకి తేలుతుంది. అప్పుడు దూరం నుంచి తుపాకీతో కొట్టాలి. మేము సాధన చేసినవి ఉత్తి డొల్లలేగానీ, తీగ ఒక్కసారి బిగుసుకుని డెక్ మీద మూలిగిందంటే గుండె ఆగేది. తెగిన తీగ వెనక్కి కొట్టిందంటే కాళ్లు పోతాయి. అందుకే తీగ వదిలేటప్పుడు గీత దాటి నిలబడితే పెద్ద ఆఫీసరైనా సరే డెక్ పనులు చూసే బోసన్ నోటికి బలి. మిగతా రోజుల్లో మా పని తుప్పు గోకడం, రంగు వేయడం, ఊరి పేరు చెక్కిన గంటను బ్రాసో పాలిష్‌తో తోమడం.

చివరి మైన్‌స్వీపరు 'కోళికోడ్' 2019లో విరమించింది. దానితో చిన్న రేవుల పేర్లన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి.

రాయగడ విద్యార్థిని:

బాబాయిగారూ, అయితే ఇక రానట్టేనా?

పాతనావికుడు (గుణుపురం):

వస్తున్నాయి అమ్మాయ్. తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్లలో జలాంతర్గాములను వెతకడానికి పదహారు చిన్న ఓడలు కట్టిస్తున్నారు. కలకత్తాలో ఎనిమిది, కొచ్చిలో ఎనిమిది. కలకత్తావాటిలో మొదటిది 'అర్నాల', 2025 జూన్‌లో విశాఖలోనే చేరింది. కొచ్చివాటిలో మొదటిది 'మాహే', 2025 నవంబరులో చేరింది. తర్వాతివి 'మాల్వన్', 'మంగ్రోల్', 'మల్పే', 'ముల్కి'. మాహే మొదలు ఈ ఐదూ చిన్న రేవులు, ఈ ఐదూ ఒకప్పటి చిన్న మైన్‌స్వీపర్ల పేర్లే. అంటే పాత పేర్లు తీసి దుమ్ము దులుపుతున్నారు.

గడసరి (కొరాపుట్):

ఒక్క ప్రశ్న. మీరు చెప్పిన పేర్లలో తూర్పు తీరం ఒక్కటైనా ఉందా? మాహే, మాల్వన్, మంగ్రోల్, మల్పే, ముల్కి అన్నీ పడమటివే. అర్నాల కూడా ముంబై పక్క కోటే.

పాతనావికుడు (గుణుపురం):

ఈసారి మీ లెక్క సరిగ్గానే ఉంది. కొత్త మైన్‌స్వీపర్లు ఎలాగూ కట్టాలి, నౌకాదళం వాటికోసం ఏళ్లుగా ఎదురుచూస్తోంది. అప్పుడు మన తీరం పేర్లు అడగాలి.

ఛత్రపురం చుక్కాని:

అడిగితే ఏ పేరు అడగాలి? నా ఓటు గోపాలపురానికి. పాత జెట్టీ స్తంభాలు ఇంకా ఇసుకలో నిలబడే ఉన్నాయి.

సరిహద్దు సాక్షి (ఇచ్ఛాపురం):

కళింగపట్నం. రంగూను ఓడలు అక్కడి నుంచీ వెళ్లాయి, పేరులో కళింగ ఉంది, రెండు రాష్ట్రాలకూ చెల్లుతుంది.

పాతనావికుడు (గుణుపురం):

పేర్ల పద్ధతి చూస్తే, ఒకసారి పనిచేసి విరమించిన పేరుకే ముందు వరస. ఆ లెక్కన మీ ఇద్దరికన్నా ముందు కాకినాడ, భీమిలి నిలబడి ఉన్నాయి. కొత్త పేరుకు చోటు ఆ తర్వాతే.